పొట్టిమాటలు ఎందుకు బతుకుతాయి



గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిని (1863–1940) తలుచుకొని మాట్లాడేటప్పుడు ఆయన వాదాన్ని మరోసారి పొగడడం కన్నా ఆయన పద్ధతిని పాటించడం మేలు. మాట ఎలా ఉండాలో ముందే తేల్చుకొని జనాన్ని అటు లాగడం ఆయన పద్ధతి కాదు. జనం ఏం మాట్లాడుతున్నారో, ఏం రాస్తున్నారో పోగుచేసి, రుజువులు ముందు పరిచి, ఆ తర్వాతే వాదానికి దిగేవారు. సవర భాష కోసం సవరల దగ్గరికే వెళ్లారు. గ్రాంథికమే రాయాలన్న పండితుల పుస్తకాలనే తెరిచి, వాళ్లు తమ వ్యాకరణాన్ని తామే ఎక్కడెక్కడ తప్పారో ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’లో చూపించారు. ఆ పద్ధతిని ఈ పూట పండితులు సాధారణంగా ముట్టుకోని సరుకు మీద ప్రయోగించి చూద్దాం. ఫోన్లలో, కంప్యూటర్లలో పిల్లలూ పెద్దలూ రాసుకొనే లోల్, ఓఎంజీ, బీఆర్‌బీ, టీబీహెచ్ వంటి పొట్టిమాటలే ఆ సరుకు.

పత్రికల్లో అప్పుడప్పుడూ వీటికి అర్థాల పట్టిక వేస్తుంటారు. ఎడమవైపు పొడి అక్షరాలు, కుడివైపు వాటి పూర్తి రూపం. లోల్ అంటే ‘లాఫింగ్ అవుట్ లౌడ్’, అంటే పగలబడి నవ్వుతున్నాను అని. పట్టిక అక్కడితో ఆగిపోతుంది. చదివినవాళ్లు అర్థం తెలిసిపోయిందనుకుంటారు. నిజానికి అక్కడ తెలిసింది సగమే. పూర్తి రూపం మాట పుట్టుకను చెబుతుంది గానీ అర్థాన్ని చెప్పదు. పొట్టిమాట పుట్టేది రాసే పనిముట్టు వసూలు చేసే ఖర్చు వల్ల. ఆ ఖర్చు డబ్బు కావచ్చు, చోటు కావచ్చు, వేళ్ల శ్రమ కావచ్చు. ఖర్చు పోయాక కూడా మాట నిలబడి ఉందంటే, దానికి ఈలోగా వేరే కొలువు దొరికిందన్నమాట. ఆ కొలువు చాలాసార్లు ఒకటే: కాగితం మీదా తెర మీదా వినపడని గొంతుకు బదులుగా నిలబడడం. ఈ మాటను రుజువులతో నిలబెట్టగలనా లేదా అన్నదే ఈ ఉపన్యాసం.

పూర్తి రూపం వేరు, చేసే పని వేరు అన్నది మనకు కొత్త సంగతి కాదు. శుభలేఖ మీద ‘చి.ల.సౌ.’ అని చూడగానే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని విప్పి చదివేవాళ్లు ఎందరుంటారు? ఆ పక్కనున్న పేరు పెళ్లికూతురిదని గ్రహించి ముహూర్తం వైపు కళ్లు తిప్పుతాం. పాత ఉత్తరాల మీద ‘మ.రా.రా.శ్రీ’ అని రాసిన చేతికి అవతలివారు మహారాజు కాదని బాగా తెలుసు. ‘కీ.శే.’ అంటే కీర్తి మాత్రమే మిగిలినవారని. కానీ ఏ కీర్తీ సంపాదించుకోకుండా పోయిన మనిషి పేరు ముందు కూడా అదే పెడతాం, పెట్టకపోతే తప్పనుకుంటాం. ఈ అక్షరాలు చోటు ఆదా చేయడానికి పుట్టి ఉండవచ్చు. ఇప్పటికీ నిలిచి ఉన్నది మాత్రం ఆదా కోసం కాదు, అవతలివారితో మనకున్న వరసనూ మర్యాదనూ చెప్పడానికి.

ఇక ఖర్చు సంగతి. తంతి యంత్రం మాటకింత అని డబ్బు వసూలు చేసింది. పందొమ్మిదో శతాబ్దపు వర్తకులు అందుకు విరుగుడుగా సంకేత నిఘంటువులు కొనుక్కున్నారు. ఓడ బయలుదేరింది, పత్తి ధర పడిపోయింది, అమ్మకం ఆపండి వంటి వాక్యానికి వాక్యం ఒక్క మాటలో ఇమిడిపోయేలా వాటిని తయారుచేశారు. పత్రికల తంతివార్తల కోసం అమెరికాలో వాల్టర్ ఫిలిప్స్ 1879లో ఒక సంకేత పుస్తకం ప్రచురించాడు. అమెరికా సుప్రీంకోర్టును ‘స్కోటస్’ అని, అధ్యక్షుణ్ణి ‘పోటస్’ అని ఇవాళ సామాజిక మాధ్యమాల్లో రాస్తున్న కుర్రవాళ్లు తెలియకుండానే ఆ తంతి గుమాస్తాల సంకేతాలను వాడుతున్నారు. మన తంతి శాఖ ఈ పొదుపును ఇంకా ముందుకు తీసుకెళ్లింది. దీపావళికో పెళ్లికో శుభాకాంక్షలు పంపాలంటే వాక్యం రాయనక్కర్లేదు. ఫారం మీద ఒక అంకె వేస్తే చాలు, అవతలి ఊళ్లో ఆ అంకెకు సరిపోయే ఆశీర్వచనం రాసి ఇచ్చేవారు. పందిట్లో గంభీరంగా చదివి వినిపించిన దీవెన తీగ మీద ప్రయాణం చేసింది ఒక సంఖ్యగా. టెలిగ్రాం వచ్చిందంటే చావుకబురేనేమో అని వణికిన ఇళ్లకు కూడా అదే దీవెన మోసింది. 2013 జూలై 14న మన దేశంలో తంతి సేవ ముగిసింది, దానితో ఆ అంకెలూ పోయాయి. వాటికి ఖర్చు తగ్గించడం తప్ప వేరే పని లేదు మరి. వర్తకుల సంకేతాలదీ అదే గతి. మాటకింత అనే లెక్క పోగానే ఆ నిఘంటువులు పాత సామాన్ల కొట్లలోకి చేరాయి.

తంతికాలపు సంకేతాలను పక్కన పెట్టి, తెర మీద పుట్టినవీ స్థిరపడినవీ ఒకసారి చూడండి. ‘ఐఎంహెచ్‌ఓ’ అంటే నా అల్పాభిప్రాయంలో అని. ‘టీబీహెచ్’ అంటే నిజం చెప్పాలంటే. ‘ఎన్‌జీఎల్’ అంటే అబద్ధం ఎందుకుగానీ. ‘బీటీడబ్ల్యూ’ అంటే అన్నట్టు. ‘ఏఎఫ్‌ఏఐకే’ అంటే నాకు తెలిసినంతలో. ‘ఐడీకే’ అంటే ఏమో నాకేం తెలుసు. వర్తకుడు కుదించుకున్నది సరుకును, ధరను, ఓడను. వీళ్లు కుదించుకున్నది తమ ధోరణిని; చెప్పేమాట ఎంత గట్టిగా చెబుతున్నామో, ఎంత వెనక్కి తగ్గి చెబుతున్నామో అన్నదాన్ని. ఇప్పుడే వస్తాను అని చెప్పే ‘బీఆర్‌బీ’, కీబోర్డు దగ్గర లేను అని చెప్పే ‘ఏఎఫ్‌కే’ వంటివి కబురు మోసే మాటలే. అవి వెనకబడిపోవడం గమనించదగ్గ విషయం. ఫోన్ ఎప్పుడూ చేతిలోనే ఉండే కాలంలో కీబోర్డు దగ్గర లేను అనడానికి అర్థం తగ్గిపోయింది. ఆటలాడేవాళ్ల మధ్య తప్ప ఆ మాట పెద్దగా వినపడడం లేదు. నిజం చెప్పాలంటే అనే మాటకు ఆ గండం లేదు, ఏ పనిముట్టు చేతికొచ్చినా దానితో పని ఉంటుంది.

పుట్టుకల గురించి మాట్లాడేటప్పుడు కట్టుకథలతో జాగ్రత్త. పొడి అక్షరాలకు కథ అల్లడం అంత సులువైన పని మరొకటి లేదు. ఏ అక్షరానికి ఏ మాట తగిలించినా అతికినట్టే ఉంటుంది. ఆపదలో ఉన్న ఓడ పంపే ‘ఎస్‌ఓఎస్’ను మా ఆత్మలను కాపాడండి అన్న ప్రార్థనగా చెప్పుకుంటారు. 1906లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ రేడియో తంతి సమావేశం దాన్ని ఎంచుకున్నది మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు అన్న వరస పొరబడడానికి వీల్లేకుండా చెవికి పడుతుందని. ప్రార్థన తర్వాత వచ్చి చేరింది. ‘ఓకే’ మీద అల్లిన కథలకైతే లెక్కే లేదు: గ్రీకు అన్నారు, అమెరికా ఆదివాసుల చోక్టా అన్నారు, స్కాట్లండ్ అన్నారు. చివరికి అలెన్ వాకర్ రీడ్ అనే పండితుడు పాత పత్రికలు తిరగేసి 1963–64లో తేల్చింది ఏమిటంటే, 1839 మార్చి 23న బోస్టన్ పత్రికలో అది ‘ఆల్ కరెక్ట్’ను కావాలని తప్పు స్పెల్లింగుతో రాసిన వేళాకోళంగా అచ్చయింది. అప్పటి పత్రికల్లో అలా తప్పుగా రాసి కుదించడం ఒక సరదా. ఆ సరదాలో పుట్టినవి దాదాపు అన్నీ పోయాయి. మరుసటి ఏడాది ఎన్నికల్లో మార్టిన్ వాన్ బ్యూరెన్ మనుషులు ఆయన సొంత ఊరి పేరు మీదుగా వచ్చిన ‘ఓల్డ్ కిండర్‌హుక్’కు ఆ రెండక్షరాలను తగిలించడంతో ఓకే ఒక్కటే గట్టెక్కింది. ప్రపంచంలో అందరూ ఎరిగిన పొట్టిమాటకు పూర్తి రూపం ఒక తప్పు స్పెల్లింగు. అది తెలియక ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

ముందు అక్షరాలు, తర్వాత అర్థం అనే క్రమాన్ని చూడడానికి బెర్లిన్ దాకా పోనక్కర్లేదు. రాజమౌళి, రామ్‌చరణ్, రామారావు అన్న మూడు పేర్ల మొదటి అక్షరాలతో ఒక సినిమాను ‘ఆర్ఆర్ఆర్’ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపే జనం నోట పడింది. అప్పుడు దానికి సరిపోయే మాటలు వెతికి తెలుగులో ‘రౌద్రం రణం రుధిరం’ అన్నారు, ఇంగ్లీషులో మరో మూడు మాటలు పెట్టారు. 2022లో సినిమా వచ్చేనాటికి ఆ అక్షరాలు ఒక ఊపుకు గుర్తు. విస్తరణ అడిగితే చెప్పగలిగినవాళ్లున్నారు, చెప్పలేనివాళ్లున్నారు. టికెట్టు అడగడానికి ఇద్దరికీ అదే పేరు సరిపోయింది.

పుట్టుకకు రుజువు చూపేటప్పుడు ఇంకో పొరపాటుకూ అవకాశం ఉంది. ‘ఓ మై గాడ్’కు కుదింపైన ‘ఓఎంజీ’ని బ్రిటన్ నౌకాదళాధిపతిగా పనిచేసిన లార్డ్ ఫిషర్ 1917 సెప్టెంబరులో విన్‌స్టన్ చర్చిల్‌కు రాసిన ఉత్తరంలో వాడాడు. కొత్త బిరుదులేవో ఇవ్వబోతున్నారని వెటకారం చేస్తూ ఆ మూడక్షరాలు రాసి, పక్కనే విప్పి చెప్పాడు కూడా. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఓఎంజీని కనిపెట్టింది ఫిషరే అని చెప్పేవాళ్లు తయారయ్యారు. ఆ ఉత్తరానికీ కంప్యూటర్ తెర మీద అదే రూపం కనిపించిన 1990లకూ మధ్య డెబ్బై ఏళ్ల పైచిలుకు ఖాళీ ఉంది. ఆ ఖాళీని దాటి ఒక పడుచుపిల్ల ఫిషర్ నుంచి మాట తెచ్చుకుందనడం కన్నా, ఒకే అవసరం రెండుచోట్ల ఒకే రూపాన్ని పుట్టించిందనడం సబబు. నిఘంటువులో కనిపించే మొదటి తేదీ మనకు దొరికిన మొదటి కాగితం తేదీ, అంతే. ఇవాళ కుర్రకారు యాసగా చలామణీ అవుతున్న ‘నో క్యాప్’, ‘స్లే’, ‘వోక్’ వంటి మాటలు అమెరికా నల్లజాతి ప్రజల నోట ఫోన్ తెరలకు ఎక్కకముందే నలిగినవి. వాటికి ఇంటర్నెట్ యాస అని ముద్ర వేయడం, మాట్లాడినవాళ్లను వదిలేసి ఆలస్యంగా రాసుకున్నవాళ్లకు యాజమాన్యం ఇవ్వడమే.

ఇప్పుడు నా వాదానికి ఇరుసు వంటి ఉదాహరణకు వస్తాను. 1982 సెప్టెంబరులో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాఖవాళ్లు తమలో తాము రాసుకొనే చోట, కిందికి జారిపోతున్న లిఫ్టులో పాదరసపు చుక్క ఉంటే ఏమవుతుందన్న చిలిపి చర్చ నడిచింది. దాన్ని ఆసరా చేసుకొని ఒకాయన, ఫలానా లిఫ్టు పాదరసంతో పాడైంది, జాగ్రత్త అని హాస్యానికి ఒక హెచ్చరిక రాశాడు. ముందు నడిచిన మాటలు చూడనివాళ్లు దాన్ని నిజమనుకున్నారు. హాస్యాన్ని హాస్యమని తెలిపే గుర్తు ఒకటి కావాలన్న మాట అక్కడే పుట్టింది. ఒకరు నక్షత్రం గుర్తు పెట్టమన్నారు, మరొకరు ఇంకోటి. సెప్టెంబరు 19న స్కాట్ ఫాల్మన్ రెండు చుక్కలు, ఒక అడ్డగీత, ఒక బ్రాకెట్టు కలిపి, తల పక్కకు వంచి చూస్తే నవ్వు ముఖం అవుతుందని రాశాడు. చదువుకున్నవాళ్లు, ఒకే భవనంలో ఉండేవాళ్లు, ఒకరినొకరు ఎరిగినవాళ్లు. అయినా రాతలో గొంతు లేకపోవడం వల్ల ఎదుటివాడు నవ్వుతున్నాడో హెచ్చరిస్తున్నాడో పోల్చుకోలేకపోయారు. ఎదురెదురుగా నిలబడి అదే మాట అని ఉంటే ఈ సమస్యే లేదు. ఉత్తరం రాసేవాడు తీరిగ్గా నాలుగు వాక్యాలు కలిపి ఆ లోటు పూడ్చుకుంటాడు. మాట్లాడుకున్నంత వేగంగా రాసుకోవడం మొదలైనప్పుడే ఆ లోటు బయటపడింది.

లోల్ ఆ లోటులోకి వచ్చి కూర్చున్న మాట. 1989 మేలో ఫిడోన్యూస్ అనే కంప్యూటర్ సమాచార పత్రిక ఇచ్చిన పట్టికలో అది ఉంది. అప్పటికే వాడుకలో ఉన్నవాటినే పట్టిక వేస్తారు గనుక పుట్టుక అంతకు ముందుదే. మొదట్లో దాని అర్థం పూర్తి రూపానికి దగ్గరగానే ఉండి ఉంటుంది. తర్వాత ఏమైందో చూడడానికి ఎవరి సందేశాలనైనా నాలుగు చదివితే చాలు. ‘బస్సు తప్పిపోయింది లోల్’, ‘సరే రేపు కలుద్దాం లోల్’. ఇందులో నవ్వే మనిషి ఎక్కడా లేడు. బస్సు తప్పినందుకు మరీ బాధపడవద్దు, నేను తేలిగ్గానే తీసుకున్నాను అన్నది మొదటిదాని అర్థం. నీ మీద కోపం లేదు అన్నది రెండోదానిది. జాన్ మెక్‌వోర్టర్ అనే భాషాశాస్త్రవేత్త 2013లోనే, లోల్ అర్థమున్న మాటగా ఉండడం మానేసి, మాట్లాడేవాళ్ల మధ్య పొత్తును సూచించే వ్యాకరణ శకలంగా మారిందని అన్నాడు. ఆయన చెప్పినదానికి తెలుగులో చక్కటి పేరు ఎప్పటినుంచో ఉంది: ఊకొట్టడం. కథ చెబుతుంటే వినేవాడు ‘ఊఁ’ అంటాడు. ఆ ఊఁకు నిఘంటువు అర్థం వెతికితే దొరికేది అంగీకారం. కానీ రాక్షసుడు రాజకుమారిని ఎత్తుకుపోయాడన్నప్పుడు పిల్లవాడు ఊఁ అంటే రాక్షసుణ్ణి సమర్థించాడని కాదు. వింటున్నాను, నీతోనే ఉన్నాను, చెప్పు అని. ఊఁ ఆగిపోతే కథ చెప్పే పెద్దావిడా ఆగిపోతుంది. లోల్ రాతలోకి వచ్చిన ఊఁ.

పూర్తి రూపం తప్పుగా తెలిసినా పని ఎలా సాగిపోతుందో బ్రిటన్ ప్రధాని ఒకరు చూపించారు. డేవిడ్ కామెరాన్ తన సందేశాల చివర లోల్ అని పెట్టేవారు, ‘లాట్స్ ఆఫ్ లవ్’ అని దానికి అర్థం అనుకొని. అసలు సంగతి తాను చెప్పాక మానేశారని పత్రికా సంపాదకురాలిగా పనిచేసిన రెబెకా బ్రూక్స్ 2012లో, పత్రికల తీరుపై జరిగిన లెవెసన్ విచారణలో సాక్ష్యం చెప్పారు. అంతా నవ్వారు. కానీ ఉత్తరం చివర లాంఛనంగా పెట్టే ప్రేమకూ, సందేశం చివర లాంఛనంగా పెట్టే నవ్వుకూ చేసే పనిలో పెద్ద తేడా లేదు. అందుకే ఆయన పొరపాటు అన్నాళ్లు ఎవరికీ పట్టుబడకుండా సాగింది.

పూర్తి రూపం అవసరమే లేదనడానికి ఇతర భాషలే సాక్ష్యం. థాయ్ భాషలో అయిదు అంకెను ‘హా’ అంటారు, కాబట్టి వాళ్లు మూడు అయిదులు వేసి నవ్వుతారు. కొరియావాళ్లు ‘క’ను పోలిన ఒక్క హల్లునే వరసగా నొక్కుతారు. జపాన్‌లో నవ్వుకు ‘వరాయి’ అన్న మాట ఉంది. దాన్ని ఇంగ్లీషు లిపిలో రాసినప్పటి మొదటి అక్షరాన్ని పదేపదే వేస్తే తెర మీద గడ్డి మొలిచినట్టు కనిపించింది, దాంతో గడ్డి అన్న మాటకే నవ్వొచ్చింది అనే అర్థం వచ్చింది. ఫ్రెంచివాళ్లు నవ్వి చచ్చాను అని మూడక్షరాలు వేస్తారు. మన కుర్రవాళ్లు ఇప్పుడు నవ్వుకు పుర్రె బొమ్మ పంపుతున్నారు. కరెంటు స్తంభం మీద ప్రమాద సూచికగా పుర్రెను చూసిన తరానికి అది అర్థం కాకపోవడంలో వింత లేదు. టొరంటోలో టాలియమోంటె, డెనిస్ అనే ఇద్దరు పండితులు కుర్రవాళ్ల తక్షణ సందేశాల నుంచి పది లక్షలకు పైగా మాటలు సేకరించి 2008లో ఫలితాలు ప్రచురించారు. అందులో ఏ పూర్తి రూపమూ లేని ‘హాహా’ వాడుక లోల్ కన్నా ఎక్కువగా తేలింది. వయసు పెరిగేకొద్దీ లోల్ తగ్గుతూ వచ్చింది. రూపం మారుతోంది, పోతోంది. నవ్వు గుర్తుతో పని మాత్రం ఎక్కడా పోలేదు.

తెలుగుకు ఈ ఖర్చుల లెక్కలో ఒక ప్రత్యేకమైన అన్యాయం జరిగింది, దాన్ని కాస్త నిలబడి చూడాలి. ఫోన్ సందేశానికి కేటాయించిన చోటు 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఏడు బిట్లు చాలు గనుక అందులో 160 అక్షరాలు పడతాయి. 1992 డిసెంబరు 3న మొదటి సందేశం వెళ్లేనాటికి ఆ కొలత స్థిరపడిపోయింది. అదే సందేశం తెలుగు లిపిలో పంపితే ఒక్కో గుర్తుకు పదహారు బిట్లు కావాలి, పట్టేవి 70. పైగా యంత్రం లెక్కపెట్టేది మనం ఎరిగిన అక్షరాలను కాదు. ‘స్త్రీ’ మన దృష్టిలో ఒక్క అక్షరం. యంత్రానికి సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం వెరసి ఆరు. ‘తెలుగు’ అన్న మాటను తెలుగు లిపిలో పంపడానికి 96 బిట్లు, ఇంగ్లీషు లిపిలో పంపడానికి 42. సందేశానికింత అని వసూలు చేసిన రోజుల్లో, పండగ రోజున చౌక పథకాలు పనిచేయని రోజుల్లో, సొంత లిపిలో సంక్రాంతి శుభాకాంక్షలు చెప్పాలంటే రెట్టింపుకు పైగా చెల్లించాల్సి వచ్చేది. ఆనాటి చాలా ఫోన్లలో తెలుగు కనపడకుండా ఖాళీ డబ్బాలు కనిపించేవన్నది మరో బాధ. మిస్డ్ కాల్ అన్న మహా సంక్షిప్త సందేశాన్ని, ఒక్క అక్షరమూ ఒక్క పైసా లేని కబురును, మన దేశం అంతగా వాడుకుందంటే ఆశ్చర్యమేముంది?

అక్కడ పుట్టిన అలవాటే తెలుగును ఇంగ్లీషు లిపిలో రాయడం. నా వాదానికి గట్టి అభ్యంతరం ఇక్కడినుంచే వస్తుంది. ఖర్చు పోతే ఖర్చు వల్ల పుట్టిన రూపం పోవాలి, లేదా కొత్త పని వెతుక్కోవాలి అన్నాను. వాట్సాప్ వచ్చాక అక్షరాల లెక్క పోయింది. 2016 తర్వాత డేటా చౌకైంది. తెలుగు కీబోర్డు దాదాపు ప్రతి ఫోన్‌లోనూ ఉంది. అయినా కోట్లమంది ఇంకా ఇంగ్లీషు లిపిలోనే తెలుగు రాస్తున్నారు కదా, ఇది ఏ గొంతును మోస్తోంది? న్యాయమైన ప్రశ్న. నా జవాబులో మొదటి భాగం: ఖర్చు పూర్తిగా పోలేదు. బైట్ల ఖర్చు పోయింది, వేళ్ల ఖర్చు ఉంది. ఒత్తులూ గుణింతాలూ ఉన్న లిపిని ఇరవయ్యారు మీటల మీద కొట్టడం నేర్చుకోవడానికి ఓపిక కావాలి, బడిలో దాన్ని నేర్పేవారు తక్కువ. రెండో భాగం: ఆ లిపికి కూడా ఒక స్వరం అంటుకుంది. స్నేహితుడికి ఇంగ్లీషు లిపిలో రాసే మనిషే పుస్తకావిష్కరణకు పిలుపు తెలుగు లిపిలో పంపుతాడు. ఒకటి చనువుకు, ఒకటి లాంఛనానికి గుర్తుగా స్థిరపడుతున్నాయి. ఇది మంచిదని నేను అనను. కళ్లు, కల్లు, కాళ్లు మూడింటినీ ఒకే ముద్దగా మార్చే రాత తెలుగుకు లాభం కాదు. కాకపోతే ఆ నష్టాన్ని లోల్ ఖాతాలో వేయకూడదు. ఆ నష్టానికి బాధ్యత కొలతలు నిర్ణయించినవాళ్లది, కీబోర్డులు ఆలస్యంగా ఇచ్చినవాళ్లది, బడుల్లో నేర్పనివాళ్లది.

ఈ సందర్భంలో ఒక విచిత్రం చూడండి. పొడి అక్షరాలు కట్టడంలో తెలుగుకు మంచి నేర్పు ఉంది. మన లిపికి ప్రమాణం అక్షరం కాబట్టి మన సంక్షిప్తాలు నోరు తిరిగే మాటలవుతాయి. అభ్యుదయ రచయితల సంఘం అరసం అయింది, విప్లవ రచయితల సంఘం విరసం అయింది. శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ అయ్యారు, కాళీపట్నం రామారావు కారా మాస్టారయ్యారు. ఇంత నేర్పున్న భాష తెర మీద సంభాషణలో సొంతంగా పుట్టించిన పొడి అక్షరాలు బహు తక్కువ. ఎందుకు? లిపి మారడం ఒక కారణం కావచ్చు. నా అనుమానం మరొకటి, రుజువు చేయలేనిది: గొంతును రాతలో మోసే పని తెలుగు ప్రత్యయాలు చాలావరకు ముందే చేస్తున్నాయి. సరే, సరేలే, సరేలెండి, సరేనండీ, సరే మరి. ఈ అయిదింటిలో ఒప్పుకోలు ఒకటే, ఒప్పుకున్న తీరు అయిదు రకాలు. ‘వచ్చాడట’ అన్నదాంట్లో చివరి ఒక్క అక్షరం, నేను చూడలేదు, ఎవరో చెప్పారు అన్న జాగ్రత్తనంతా చెబుతుంది. ఇంగ్లీషువాడు దానికి నాలుగైదు పొడి అక్షరాలు ఖర్చుపెట్టాలి. అందుకే తెలుగువాళ్లు బయటి పొట్టిమాటను తెచ్చుకున్నా దానికి తమ తోక తగిలించందే వాడరు. ‘ఓకే అండీ’, ‘ఓకేలే’, ‘ఓకే రా’. రెండక్షరాల అమెరికా వేళాకోళం మన వరసలన్నీ నేర్చుకుంది.

బద్ధకం వల్ల భాష చెడుతోందన్నది మామూలుగా వినపడే అభ్యంతరం. దీనికి పొడుగైన జవాబు అక్కర్లేదు. ఇంగ్లీషు సందేశాల్లో కుదించిన మాటలు నూటికి పది కూడా ఉండవని డేవిడ్ క్రిస్టల్ 2008లో రాశాడు. టొరంటో సేకరణలో ఇలాంటి రూపాలు మొత్తం కలిపి నూటికి మూడు కూడా తేలలేదు. పిల్లల స్పెల్లింగు పాడవుతుందన్న భయాన్ని ఇంగ్లండులోని కావెంట్రీ విశ్వవిద్యాలయంలో బెవర్లీ ప్లెస్టర్, క్లేర్ వుడ్ బృందం పరీక్షించింది. పది పన్నెండేళ్ల పిల్లల్లో పొట్టిరూపాలు ఎక్కువగా వాడేవాళ్లు చదవడంలో మెరుగ్గానే ఉన్నారు. ఒకదానివల్ల ఒకటి జరిగిందని దీని అర్థం కాదు. మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకోగల పిల్లవాడికి రెండూ అబ్బుతాయని అనుకోవచ్చు. అవి ఇంగ్లీషు పిల్లల మీద చేసిన పరీక్షలు, తెలుగు బడి పిల్లలకు యథాతథంగా వర్తింపజేయలేం. కానీ తెలుగు పిల్లలకు నష్టం జరుగుతోందని చెప్పేవాళ్ల చేతిలో ఆ పాటి పరీక్ష కూడా ఉన్నట్టు నాకు తెలియదు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది. ఇవి గొంతును మోస్తాయంటున్నారు సరే, మరి ఇన్ని పొట్టిమాటలు రెండేళ్లు తిరక్కుండా ఎందుకు చస్తున్నాయి? గొంతు అవసరం రెండేళ్లలో తీరిపోయిందా? లేదు. యాసలో రెండో దారం ఒకటి ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. కొన్ని మాటలు స్వరం కోసం కాదు, గుంపుకు తలుపుగా పుడతాయి. ఆటకు కొత్తగా వచ్చినవాణ్ణి ‘నూబ్’ అనడం, సినిమా మొదటి రోజు మొదటి ఆటను ‘ఎఫ్‌డీఎఫ్‌ఎస్’ అనడం లోపలివాళ్లెవరో, బయటివాళ్లెవరో చెప్పడానికే. అలాంటి మాటకు గిరాకీ బయటివాళ్లకు తెలియనంత వరకే. పత్రిక అర్థాల పట్టికలో దాన్ని అచ్చువేసిన రోజునే కుర్రవాళ్లు కొత్తది వెతుక్కుంటారు. పట్టిక వేసిన ఉపసంపాదకుడు ఆ మాట చావుకు తెలియకుండానే తోడ్పడతాడు. తలుపుగా పుట్టిన మాట నిలవాలంటే దానికీ వేరే కొలువు దొరకాలి. ‘స్పామ్’కు దొరికింది. డబ్బా మాంసం పేరు, 1970లో ఒక బ్రిటిష్ హాస్య కార్యక్రమం దాన్ని విసుగొచ్చేదాకా వల్లించడంతో కంప్యూటర్ ఆటగాళ్ల మధ్య గుట్టు పరిహాసంగా మారి, చివరికి అక్కరలేని ఉత్తరాల కుప్పకు అందరూ వాడే పేరయింది. వేరే పేరు లేని వస్తువు అది మరి.

ఇదంతా చెప్పాక నా దగ్గర లేని రుజువుల మాట కూడా చెప్పాలి. గిడుగువారికి శాసనాలు దొరికాయి, పాత వచన గ్రంథాలు దొరికాయి, ప్రత్యర్థుల పుస్తకాలు దొరికాయి. ఫాల్మన్ రాసిన నాలుగు వాక్యాలు కూడా ఇరవయ్యేళ్ల తర్వాత, 2002లో, ఎవరో పనిగట్టుకొని పాత టేపులు వెతికితే గానీ బయటికి రాలేదు. ఈనాటి తెలుగు రోజూ రాయబడుతున్నది తాళం వేసిన సందేశాల్లో. ఫోన్ మారితే పోతుంది, మనిషి పోతే పోతుంది. స్విట్జర్లండ్‌లో పరిశోధకులు జనాన్ని అడిగి, ఇష్టపడి ఇచ్చినవాళ్ల దగ్గర వేల ఫోన్ సందేశాలు సేకరించారు, పేర్లు తీసేసి భద్రపరిచారు. 2014లో వాట్సాప్ సంభాషణలను కూడా అలాగే అడిగి తీసుకున్నారు. తెలుగుకు ఆ పని చేయడానికి భవనం అక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోని తెలుగు శాఖలు, ఖరగ్‌పూర్‌లోనూ డాలస్‌లోనూ ఉన్న తెలుగువాళ్లు, ఇష్టమున్నంత వరకు తమ సందేశాలు ఇస్తే చాలు. ప్రతి సందేశం పక్కన రాసినవారి వయసు, జిల్లా, ఎవరికి రాశారు, ఏ లిపిలో రాశారు, ఏ ఏడాది అన్న అయిదు సంగతులు ఉండాలి. పూర్తి రూపం అడగనక్కర్లేదు, అది ఎలాగూ పట్టికల్లో దొరుకుతుంది. అడగాల్సింది, ఆ పొట్టిమాట తీసేసి అదే సందేశం పంపితే అవతలివాళ్లు ఏమనుకునేవారని.